అబ్బె గారి అంకె

పోయిన చలికాలంలో కొత్త కళ్ళజోడు చేయించుకున్నాను. అందులో చెప్పుకోవలసినంత విశేషం ఏముందీ అంటారా? ఆ జోడు నన్ను మొదట భయపెట్టింది, తరువాత కంటి డాక్టరు దగ్గరికి పరిగెత్తించింది, ఆ పైన నూట ఇరవై ఏళ్ళ కిందట పోయిన ఒక జర్మన్ ప్రొఫెసరుతో పరిచయం చేయించింది. ఈ వ్యాసం ఆయన గురించే. కానీ కథ నా ముక్కు మీద మొదలయింది కనక ముందు ఆ సంగతి చెప్పనివ్వండి.

నాకు ఏడో తరగతి నుంచీ దూరపు చూపు తక్కువ. నల్లబల్ల మీద రాసింది కనిపించక పక్కవాడి నోటుపుస్తకంలోకి తొంగి చూస్తుంటే, కాపీ కొడుతున్నానని మాష్టారు చెవి మెలిపెట్టారు. అసలు సంగతి తెలిశాక ఆయనే నాన్నగారికి కబురు పెట్టారు. అప్పటి నుంచి నా ముక్కు ఖాళీగా ఉన్న రోజు లేదు. పవరు ఏటేటా పెరుగుతూ వచ్చి ఇప్పుడు రెండు కళ్ళకీ మైనస్ 6 దగ్గర ఆగింది. మన ఊళ్ళలో సోడాబుడ్డి అద్దాలు అనేవారు చూడండి, ఆ కోవలోదే నా జోడు.

దుకాణంలో అమ్మాయి నా పాత జోడు చేతిలోకి తీసుకుని బరువు చూసి జాలిపడింది. పాలీకార్బొనేట్ అద్దాలు వేయించుకోమంది. పలచన, తేలిక, కింద పడినా పగలవు, అతినీలలోహిత కిరణాలని ఆపుతాయి. చెప్పినవన్నీ నిజాలే. చెప్పని సంగతి ఒకటి ఉంది. అది ఆమెకీ తెలియదేమో.

కొత్త జోడు పెట్టుకుని అద్దంలో చూసుకుంటే పదేళ్ళు తగ్గినట్టు అనిపించింది. ఆ రాత్రి హైవే ఎక్కాక తెలిసింది అసలు కథ. ఆకుపచ్చ బోర్డు మీద తెల్లటి అక్షరాలకి ఒక పక్క నీలం అంచు, రెండో పక్క నారింజ అంచు. తల తిప్పకుండా కళ్ళు మాత్రం పక్కకి తిప్పి చూస్తే పక్క లేనులో వెళ్తున్న కారు దీపాలు సాగినట్టు కనిపించాయి. మర్నాడు ఆఫీసులో కంప్యూటరు తెర కుడి చివరన తెల్లటి కాగితం మీద నల్లటి గీతలన్నిటికీ రంగు చారలు. సూటిగా చూస్తే ఏమీ లేదు, అంతా శుభ్రంగా ఉంది. పక్కకి చూస్తేనే రంగులు.

నాకు చెమటలు పట్టాయి. కారణం ఉంది. నాన్నగారికి కూడా ఇదే జాతి చూపు. అరవై దాటాక ఒక కంట్లో రెటీనా ఊడిపోతే, అవి ముసలితనపు మసకలే అనుకుని మూడు వారాలు ఎవరికీ చెప్పలేదు. ఆ కన్ను మళ్ళీ రాలేదు. అప్పుడు నేను ఇక్కడ ఉన్నాను, ఆదివారం ఫోనులో కుశల ప్రశ్నలు అడుగుతూ. అందుకని కంటి ముందు కొత్త రంగు ఏది కనిపించినా నాకు ముందు గుర్తుకొచ్చేది ఆ మూడు వారాలు.

డాక్టరు కంట్లో చుక్కలు వేసి, గంటసేపు తిప్పి తిప్పి చూసి, రెటీనా గట్టిగానే ఉందన్నాడు. పవరు కూడా సరిగ్గానే ఉంది. నా అద్దాలు తీసి చూసి, ఏ పదార్థమో అడిగి, ఒక కాగితం ముక్క మీద రెండు అంకెలు రాసిచ్చాడు. ఒకటి 30, రెండోది 58. మొదటిది నా కొత్త అద్దాల అబ్బె విలువట, రెండోది పాత వాటిదిట. ఈ అబ్బె ఎవరని అడిగితే, అది మనిషి పేరని తనకి తట్టనే లేదని నవ్వేశాడు. ఇక్కడి వాళ్ళు దాన్ని యాబీ అంటారు. జర్మన్లు అబ్బె అని, చివరి అక్షరాన్ని తేల్చి పలుకుతారు. మనం ఏదైనా కాదనడానికి అనే అబ్బే అన్న మాటకి దగ్గర చుట్టంలా వినిపిస్తుంది. నాకా పేరు వెంటనే పట్టుబడింది, ఆ మనిషి మాత్రం పట్టుబడడానికి రెండు నెలలు పట్టింది.

ఎర్న్‌స్ట్ అబ్బె 1840 జనవరి 23న జర్మనీ నడిబొడ్డున ఉన్న ఐసెనాఖ్ అనే ఊళ్ళో పుట్టాడు. సంగీత విద్వాంసుడు బాఖ్ పుట్టిన ఊరు కూడా అదే. అయితే అబ్బె ఇంట్లో సంగీతం కంటే మగ్గాల చప్పుడే ఎక్కువ తెలుసు. తండ్రి నూలు మిల్లులో కూలి. పని రోజుకి 14 గంటలు, రద్దీగా ఉంటే 16. మధ్యలో విరామం లేదు, భోజనానికి కూడా.

పిల్లవాడు ఐదేళ్ళ నుంచీ తొమ్మిదేళ్ళ వరకూ, అక్కతోనో చెల్లెలితోనో వంతులు వేసుకుని, తండ్రికి అన్నం పట్టుకెళ్ళేవాడు. తండ్రి యంత్రానికి జేరబడో, పెట్టె మీద ఒంగోనో, నిలబడే నాలుగు ముద్దలు గబగబా మింగి, గిన్నె చేతికిచ్చి మళ్ళీ పనిలోకి వంగేవాడు. ఆయన భారీ మనిషి. కొడుకు కంటే అరచేయి ఎత్తు పొడుగు, అలుపెరగని ఒళ్ళు. అటువంటి మనిషి 48 ఏళ్ళకే ముసలివాడయ్యాడు. అంత ఒడ్డూ పొడుగూ లేని తోటివాళ్ళు 38 ఏళ్ళకే ముసలివాళ్ళయ్యారు. ఈ సంగతి అబ్బె 1901లో, తన అరవై ఒకటో ఏట, ఒక సభలో చెప్పుకున్నాడు. అర్ధ శతాబ్దం దాటాక కూడా ఆ గిన్నె ఆయన చేతిలోనే ఉందన్న మాట.

మిల్లు యజమాని సాయంతో కుర్రవాడు పెద్ద బడిలో చేరాడు. 1857లో యేనా విశ్వవిద్యాలయం, ఆ తరువాత గోటింగెన్. గోటింగెన్‌లో పాఠాలు చెప్పినవాళ్ళు ఎవరో చూడండి: రీమన్, విల్‌హెల్మ్ వేబర్. 1861లో ఉష్ణగతిశాస్త్రం మీద డాక్టరేటు. 1863లో యేనాకి తిరిగి వచ్చి, పాఠాలు చెప్పే అర్హత కోసం రాసిన సిద్ధాంత గ్రంథంలో కొలతల్లో దొర్లే తప్పులు ఏ లెక్కన పరుచుకుంటాయో తేల్చాడు. గణాంకశాస్త్రం చదువుకున్నవాళ్ళకి కై-స్క్వేర్ అంటే తెలుసు కదా, ఆ వితరణ ఇందులో అప్పుడే కనిపిస్తుంది. కార్ల్ పియర్సన్ కంటే 37 ఏళ్ళు ముందు. ఎవరూ పట్టించుకోలేదు. ఆయన కూడా పట్టించుకోలేదనుకుంటాను, ఆ పని మీద మళ్ళీ గొడవ చేసిన జాడ నాకు కనిపించలేదు.

యేనా చిన్న ఊరు. అక్కడ కార్ల్ జైస్ అనే ఆయన 1846 నుంచీ సూక్ష్మదర్శినులు చేసి అమ్ముతున్నాడు. మంచి పనివాడు, మంచి పేరు. కానీ ఆయన మనసులో ఒక ముల్లు. అప్పట్లో సూక్ష్మదర్శినికి కటకాలు తయారు చేసే పద్ధతి మన వంటింట్లో ఉప్పు చూసే పద్ధతే. ఒక కటకం అరగదీసి, ఇంకో దానితో జోడించి, కంటితో చూసి, బాగా లేకపోతే మార్చి ఇంకోటి పెట్టి, అలా కుదిరేదాకా. కుదిరినది ఎందుకు కుదిరిందో తెలియదు, కుదరనిది ఎందుకు కుదరలేదో తెలియదు. లెక్క వేసి చేయలేమా అని జైస్‌కి తపన. ఇద్దరు ముగ్గురితో ప్రయత్నించాడు, ఫలించలేదు. 1866లో ఇరవై ఆరేళ్ళ అబ్బెని అడిగాడు.

ఇక్కడ అబ్బె మొదట ఘోరంగా తప్పాడు. ఈ ఘట్టం నాకు చాలా ఇష్టం. కటకం అంచుల నుంచి వచ్చే కాంతి వల్లనే బొమ్మ చెదురుతోందని లెక్క కట్టి, కాంతి శంకువు సన్నగా ఉండేటట్టు కటకాలు చేయించాడు. కాగితం మీద అవి నిర్దోషంగా ఉన్నాయి. గాజులో తయారయ్యాక, ఉప్పు చూసి చేసిన పాత కటకాల కంటే నాసిరకంగా పనిచేశాయి. ఆ ఖర్చంతా జైస్ భరించాడు. తప్పు లెక్కలో లేదని, అసలు తాను వేసుకున్న ప్రశ్నే తప్పని అబ్బెకి తట్టడానికి మరి కొంత కాలం పట్టింది. సన్నని గీతల గుండా పోయిన కాంతి పక్కలకి విరజిమ్మబడుతుంది. ఆ పక్క కిరణాలని కూడా కటకం పట్టుకోగలిగితేనే ఆ గీతలు బొమ్మలో కనిపిస్తాయి. అంటే తాను చెత్త అనుకుని కోసి పారేసిన అంచుల్లోనే అసలు సమాచారం ఉంది!

1872 నాటికి జైస్ అమ్మే కటకాలన్నీ అబ్బె లెక్క ప్రకారం తయారయ్యాయి. 1873లో ఆయన ఆ సిద్ధాంతం ప్రచురించాడు. మామూలు కాంతితో ఎంత గొప్ప సూక్ష్మదర్శినిలో చూసినా, కాంతి తరంగదైర్ఘ్యంలో సుమారు సగం కంటే దగ్గరగా ఉన్న రెండు గీతలని విడదీసి చూడలేము. అది మిల్లీమీటరులో ఐదు వేలవ వంతు. మనిషి పనితనానికి ఇది ప్రకృతి పెట్టిన గట్టు. (ఈ గట్టుకి పక్కదారి కనిపెట్టినందుకే 2014లో ముగ్గురికి రసాయనశాస్త్రంలో నోబెల్ ఇచ్చారు.) ఆ సూత్రం ఇవాళ యేనాలో ఆయన స్మారక శిల మీద చెక్కి ఉంది. 1871లో తన గురువు స్నెల్ కూతురు ఎల్జెని పెళ్ళాడాడు. 1876లో జైస్ ఆయనని వ్యాపారంలో భాగస్వామిని చేసుకున్నాడు.

ఒక గట్టు ప్రకృతి పెట్టింది. మరి రెండో గట్టు? అది గాజు పెట్టింది. నా కళ్ళజోడు కథ ఇక్కడ కలుస్తుంది.

తెల్లని వెలుగు పట్టకం గుండా పోతే రంగులుగా విడిపోతుందని అందరం బడిలో చదువుకున్నాం. కళ్ళజోడు అద్దానికి నట్టనడుమ రెండు ముఖాలూ సమాంతరంగా ఉంటాయి, అంచుకి పోయిన కొద్దీ అది పట్టకమే. గాజు కానీ ప్లాస్టిక్ కానీ నీలం కాంతిని ఎరుపు కంటే కాస్త ఎక్కువ వంచుతుంది. ఆ తేడా వల్ల తెల్లటి అక్షరానికి నీలం బొమ్మ ఒక చోట, ఎరుపు బొమ్మ కొంచెం పక్కన పడతాయి. నేను హైవే మీద చూసిన అంచులు అవే.

అబ్బె వేసుకున్న ప్రశ్న సూటిగా ఉంటుంది: ఈ పదార్థం కాంతిని మొత్తంగా ఎంత వంచుతోంది, అందులో రంగుకీ రంగుకీ మధ్య తేడా ఎన్నో వంతు? పసుపు కాంతికి ఆ పదార్థపు వక్రీభవన గుణకం తీసుకుని అందులోంచి ఒకటి తీసేయండి. దాన్ని, నీలం కాంతి గుణకానికీ ఎరుపు కాంతి గుణకానికీ ఉన్న తేడాతో భాగించండి. ఏ నీలం, ఏ ఎరుపు అన్న తగవు లేకుండా హైడ్రోజన్ ఇచ్చే 486, 656 నానోమీటర్ల గీతలు తీసుకున్నారు. వచ్చినదే అబ్బె సంఖ్య. అంకె పెద్దదైతే రంగుల చెదురు తక్కువ, చిన్నదైతే ఎక్కువ. అంతే! దీనికి కాలుక్యులేటరు కూడా అక్కరలేదు.

ఇప్పుడు నా లెక్క వేసి చూపిస్తాను, మీ పవరుతో మీరూ వేసుకోవచ్చు. అద్దం మధ్య నుంచి చూపు ఎన్ని సెంటీమీటర్లు జరిగిందో దాన్ని పవరుతో గుణిస్తే అక్కడ ఎంత పట్టకం ఉందో వస్తుంది. నేను ఒకటిన్నర సెంటీమీటరు పక్కకి చూశాననుకోండి, 6 పెట్టి గుణిస్తే 9. దాన్ని అబ్బె సంఖ్యతో భాగించాలి. పాత అద్దానికి 9 బై 58, సుమారు 0.16. పాలీకార్బొనేట్‌కి 9 బై 30, అంటే 0.3. సుమారు 0.1 దాటితే రంగు అంచు కంటికి తెలియడం మొదలవుతుందని కళ్ళజోళ్ళ శాస్త్రం చెప్పే మాట. పాత జోడులో కూడా అంచులు కొద్దిగా ఉండేవన్న మాట, ముప్ఫై ఏళ్ళుగా నా మెదడు వాటిని సర్దుకుపోయింది. ఒక్కసారిగా రెట్టింపయ్యేసరికి గోల పెట్టింది. పవరు మైనస్ 1 ఉన్నవాళ్ళు ఏ అద్దం పెట్టుకున్నా వాళ్ళకి ఈ బాధే తెలియదు. మా ఆవిడ సరిగ్గా ఆ కోవకి చెందినది కాబట్టి, నేను చెప్పేది మొదట్లో నమ్మలేదు కూడా.

అబ్బె కాలంలో ఇబ్బంది ఏమిటంటే, దొరికే గాజులన్నీ ఒకే తోవలో ఉండేవి. తేలికగా వంచే క్రౌన్ గాజుకి అబ్బె సంఖ్య ఎక్కువ, సీసం కలిపిన ఫ్లింట్ గాజు బాగా వంచుతుంది కానీ రంగులు చెదరగొడుతుంది. బాగా వంచాలి, రంగు చెదరకూడదు అంటే అటువంటి గాజు లోకంలో లేదు. ఒకదాని తప్పు ఇంకొకదానితో సరిదిద్దేలా రెండిటినీ అంటించినా కొంత రంగు మిగిలిపోయేది. మంచి కటకాల గాజు చేసేవాళ్ళు కూడా ఐరోపా మొత్తానికి వేళ్ళ మీద లెక్కపెట్టేటంత మంది, బర్మింగ్‌హామ్‌లో ఛాన్స్ సోదరులు, పారిస్‌లో ఫీల్ వంటి వాళ్ళు. 1876లో అబ్బె లండన్‌లో శాస్త్ర పరికరాల ప్రదర్శన చూసి వచ్చి, దాని మీద రాసిన నివేదికలో తేల్చిన సారాంశం ఇది: లెక్కలు వేసేవాడి పని, అరగదీసేవాడి పని అయిపోవచ్చింది. సూక్ష్మదర్శిని ఇక ముందుకి పోవాలంటే అది గాజు కరిగించేవాడి చేతిలో ఉంది.

ఆ మాట ఒక గాజు కుటుంబపు కుర్రవాడి చెవిన పడింది. ఓటో షాట్, విటెన్ అనే ఊరివాడు, గాజు తయారీలో లోపాల మీదే డాక్టరేటు చేసినవాడు. 1879 మే నెలలో, అప్పటికి ముఖపరిచయం లేని అబ్బెకి ఉత్తరం రాశాడు. లిథియం కలిపి కొత్త గాజు చేశాను, దీని లక్షణాలు కొలిచి చెబుతారా అని. అబ్బె కొలిచాడు. ఆ గాజు పనికి రాలేదు! కానీ ఉత్తరాలు ఆగలేదు. షాట్ విటెన్‌లో చిన్న చిన్న మూసల్లో బోరాన్, ఫాస్ఫరస్, బేరియం, ఏది దొరికితే అది కలిపి కరిగించడం, యేనాలో అబ్బె దాన్ని కొలవడం. 1882లో షాట్ మకాం యేనాకి మార్చాడు. 1884లో షాట్, అబ్బె, జైస్, జైస్ కొడుకు రోడెరిఖ్ కలిసి గాజు ప్రయోగశాల పెట్టారు. 1886లో వాళ్ళ మొదటి ధరల పట్టీలో 44 రకాల గాజులు ఉన్నాయి. వాటిలో కొన్ని పాత తోవ తప్పినవి: బేరియం క్రౌన్ గాజు ఫ్లింటులా వంచుతుంది, కానీ రంగులు అంతగా చెదరవు. అదే ఏడాది, ఆ గాజులూ ఫ్లోరైటు స్ఫటికమూ కలిపి, అబ్బె ఆపోక్రొమాట్ అనే కటకాలు తెచ్చాడు. రంగు అంచులు దాదాపు మాయమయ్యాయి.

ఈ పనంతా ఎవరికి పనికొచ్చిందంటే, మనకే. అబ్బె కటకాలూ, ఆయన చేసిన కండెన్సరూ, 1878లో వచ్చిన నూనెలో ముంచి చూసే పద్ధతీ రాబర్ట్ కోఖ్ చేతికి అందాయి. 1882లో ఆయన క్షయ క్రిమిని చూపించాడు. 1884లో మన కలకత్తాలో కూర్చుని కలరా క్రిమిని తేల్చాడు. ఉత్తరోత్తరా జైస్ కంపెనీకి కోఖ్ కృతజ్ఞతగా రాసిన జాబు చరిత్రలో ఉంది.

ఇంతవరకూ చదివితే ఇది ఒక మేధావి కథ. నన్ను రెండు నెలలు పట్టుకు కూర్చున్నది తరువాతి భాగం.

1888 డిసెంబరులో కార్ల్ జైస్ పోయాడు. అప్పటికి అబ్బె బాగా సంపన్నుడు. మిల్లు కూలి కొడుకు రెండు కంపెనీల్లో వాటాదారు. ఆయన ఆలోచన వేరేగా పోయింది. ఈ లాభం నా ఒక్కడి బుర్రలోంచి రాలేదు, విశ్వవిద్యాలయం ఇచ్చిన చదువులోంచీ, వందల మంది చేతుల్లోంచీ వచ్చింది, కాబట్టి ఇది నాది కాదు అని ఆయన లెక్క. 1889లో ఒక నిధి స్థాపించాడు. దానికి తన పేరు కాక కార్ల్ జైస్ పేరు పెట్టాడు. 1891లో తన వాటాలు మొత్తం ఆ నిధికి రాసిచ్చేశాడు, రోడెరిఖ్ వాటా కూడా నిధికే వచ్చేలా ఏర్పాటు చేశాడు. ఆ మర్నాటి నుంచి తాను స్థాపించిన సంస్థలో తాను జీతగాడు.

1896లో ఆ నిధికి నియమావళి రాశాడు. కార్పొరేట్ కొలువుల్లో ఉన్న మనవాళ్ళు ఇది శ్రద్ధగా చదవాలి. ఉద్యోగం ఇచ్చేటప్పుడూ, పెంచేటప్పుడూ పుట్టుక, మతం, రాజకీయాలు చూడకూడదు. జీతంతో సెలవు, జబ్బు చేస్తే సాయం, పింఛను హక్కుగా ఉండాలి, దయగా కాదు. పని లేదని తీసేస్తే పరిహారం ఇవ్వాలి. పై అధికారి ఎంతటివాడైనా, అతని రాబడి అనుభవమున్న పనివాళ్ళ సగటు రాబడికి పది రెట్లు దాటకూడదు. పది రెట్లు! నేను పనిచేసే చోట ఆ నిష్పత్తి ఎంతో రాస్తే ఈ వ్యాసం నా ఉద్యోగానికి మంచిది కాదు.

ఇక పనిగంటలు. అబ్బె వాటిని క్రమంగా 9కి తగ్గించి, 1900 ఏప్రిల్ 1 నుంచి 8కి దించాడు, రోజు కూలి తగ్గించకుండా. తక్కిన యజమానులు దివాలా తీస్తావన్నారు. ఆయన ఉపన్యాసాలు ఇవ్వలేదు, కొలిచాడు. ముక్కకి ఇంత అని కూలి తీసుకునే 233 మంది పనివాళ్ళని తీసుకుని, ముందు ఏడాదీ తరువాతి ఏడాదీ గంటకి ఎంత సంపాదించారో లెక్క కట్టాడు. 9 గంటల పని 8 గంటల్లో అవ్వాలంటే గంటకి పనితనం 12.5 శాతం పెరగాలి. అది 16.2 శాతం పెరిగింది. అలసట కూడా కొలవదగ్గదే అని ఆయన వాదన. రోజంతా పోయే శక్తి రాత్రి విశ్రాంతిలో తిరిగి రాకపోతే, ఆ లోటు ఎంత చిన్నదైనా రోజూ పేరుకుని మనిషిని 48 ఏళ్ళకే ముసలివాణ్ణి చేస్తుంది. పైన చెప్పిన అన్నం గిన్నె కథ ఆయన చెప్పింది ఈ లెక్కలు వినిపించిన సభలోనే.

ఆయనని దేవుణ్ణి చేయడం నా ఉద్దేశం కాదు. పనివాళ్ళ అలసటని దశాంశ స్థానం దాకా కొలిచిన మనిషి తన ఒంటిని కొలుచుకోలేదు. ఏళ్ళ తరబడి రాత్రిళ్ళు నిద్రపట్టక, మందులకి అలవాటు పడి, 1903లో పని మానుకుని, 1905 జనవరి 14న యేనాలోనే కన్నుమూశాడు. అరవై అయిదేళ్ళు నిండడానికి తొమ్మిది రోజులు తక్కువ. నియమావళి కూడా రాసినంత మాత్రాన మనుషులని కాపాడలేకపోయింది. హిట్లర్ కాలంలో అదే జైస్ కర్మాగారంలో ఆక్రమిత దేశాల నుంచి పట్టి తెచ్చిన వాళ్ళ చేత బలవంతపు చాకిరీ చేయించారు. 1945లో యేనా రష్యన్ల పాలికి పోతుందని తెలిసి అమెరికన్ సైన్యం వెళ్తూ వెళ్తూ పదుల మంది జైస్ నిపుణులని తమ వెంట తీసుకుపోయింది. కంపెనీ రెండు ముక్కలై, జర్మనీ ఏకమైన తరువాత మళ్ళీ ఒక్కటైంది. నిధి మాత్రం ఉంది. ఇవాళ్టికీ జైస్, షాట్ కంపెనీలు రెండూ దానివే.

అన్నట్టు, అబ్బె కళ్ళజోళ్ళ వ్యాపారం చేయలేదు. ఆయన పోయిన ఏడేళ్ళకి, 1912లో, జైస్ కంపెనీ పుంక్టాల్ అనే కళ్ళజోడు కటకం తెచ్చింది, లెక్క కట్టినవాడు మోరిట్స్ ఫాన్ రోర్. పక్కకి చూసినా బొమ్మ అలికినట్టు కాకుండా ఉండేలా రూపొందించినది అది. గాజు కాలంలో రంగు అంచుల గొడవ కళ్ళజోళ్ళలో పెద్దగా లేదు, క్రౌన్ గాజు అబ్బె సంఖ్య 58, 59 దాకా ఉండేది. రెండో ప్రపంచ యుద్ధం తరువాత వచ్చిన సీఆర్-39 ప్లాస్టిక్‌కి కూడా 58. పలచని అద్దాల మోజు వచ్చాకే అబ్బెకి ముందున్న పాత తోవలోకి మళ్ళీ వెళ్ళాం. ఎక్కువ వంచే ప్లాస్టిక్కులు, 1.67 గుణకం వాటికి అబ్బె సంఖ్య 32 దగ్గర, 1.74 వాటికి 33 దగ్గర. మధ్యేమార్గాలు లేకపోలేదు. ట్రైవెక్స్ అనే రకానికి 43 నుంచి 45, 1.60 గుణకం ఉన్న ఒక రకానికి 41.

పాలీకార్బొనేట్‌ని తిట్టిపోయకండి. మా వాడు బాస్కెట్‌బాల్ ఆడతాడు, వాడి జోడుకి అవే వేయించాను, ఇంకోటి వేయించను కూడా. మోచేయి తగిలి అద్దం పగిలి కంట్లో గుచ్చుకోవడం కంటే రంగు అంచులు నయం కదా. నేను మాత్రం ఆ జోడు తిరిగి ఇచ్చి, 1.60 రకంలో, చిన్న ఫ్రేములో, కంటికి దగ్గరగా కూర్చునేలా మరొకటి చేయించుకున్నాను. 9 బై 41, అంటే 0.22. కౌంటరు దగ్గర ఈసారి ఉన్న పెద్దాయనని అబ్బె సంఖ్య అడిగితే, చాలా కాలానికి ఈ మాట విన్నానని సంతోషించి, సొరుగులోంచి నలిగిన పట్టిక తీసి చూపించాడు.

పాత జోడు కంటే పలచన, దాదాపు పాలీకార్బొనేట్ అంతే. బోర్డుల మీద తెల్లటి అక్షరాలకి కంటి చివరన ఇంకా సన్నని నీలం గీత ఉంది. అది రెటీనాది కాదని ఇప్పుడు నాకు తెలుసు. అయినా ఆరు నెలలకొకసారి కంట్లో చుక్కలు వేయించుకుని చూపించుకుంటున్నాను. ఇండియాలో ఉన్న తమ్ముడికి కూడా ఫోను చేసి చెప్పాను, వాడిది మైనస్ 7.